వీసా ఎవరి చేతిలో, ఇల్లు ఎవరి పేరున: విదేశాల్లో ఇంగ్లిష్ టీచర్ల జీతం లెక్క

విదేశాల్లో ఇంగ్లిష్ చెప్పే ఉద్యోగాల ప్రకటన ఏది చూసినా కళ్లు ముందు జీతం దగ్గరే ఆగుతాయి. దక్షిణ కొరియాలో నెలకు 23 లక్షల వాన్, జపాన్‌లో రెండున్నర లక్షల యెన్, దుబాయిలో 12 వేల దిర్హాంలు. వీటన్నిటినీ డాలర్లలోకి మార్చి, ఏది ఎక్కువైతే అటు మొగ్గడం చాలామంది చేసే పని. ఆ తీర్పు చాలాసార్లు తప్పుతుంది. ఎందుకంటే ఆ అంకె విలువను తేల్చే ప్రశ్నలు రెండు వేరే ఉన్నాయి. ఆ దేశంలో ఉండే హక్కు టీచరుదా, లేక యజమాని ఇచ్చిన ఉద్యోగానికి కట్టేసి ఉందా? ఉంటున్న ఇంటి అద్దె ఒప్పందం ఎవరి పేరున ఉంది? ఉద్యోగం సాఫీగా సాగినన్నాళ్లూ ఈ ప్రశ్నలు గుర్తుకురావు. మూడో నెలలో జీతం ఆగితేనో, పదకొండో నెలలో తీసేస్తేనో, మంచి అవకాశం వచ్చి మారాలనుకుంటేనో అప్పుడు తెలుస్తుంది ఒప్పందం అసలు విలువ. అందుకే ఏ ఆఫర్‌నైనా ఉద్యోగం ముగిసే రోజు దగ్గర మొదలుపెట్టి వెనక్కి చదవాలి.

ఈ విషయంలో కొరియా, జపాన్ ఒకదానికొకటి తలకిందులు. కొరియాలో ఇల్లు యజమాని ఇస్తాడు, వీసా కూడా ఆయన ఉద్యోగంతోనే ముడిపడి ఉంటుంది. జపాన్‌లో నివాస హోదా టీచరు సొంతం, ఇంటి బరువూ టీచరుదే. ఈ రెండు లెక్కలూ ఒంటబడితే మిగతా దేశాల కాంట్రాక్టులు చదవడం తేలిక.

కొరియా: ఇంటి తాళంతో పాటు వీసా పగ్గం

కొరియాలో ఇంగ్లిష్ సంభాషణ నేర్పేవారికి ఇచ్చేది ఈ-2 వీసా. అమెరికా, కెనడా, బ్రిటన్, ఐర్లండ్, ఆస్ట్రేలియా, న్యూజీలండ్, దక్షిణాఫ్రికా పౌరులకే అది పరిమితం. దీనికి ఒక మినహాయింపు ఉంది. భారత్, కొరియాల మధ్య 2010 జనవరిలో అమల్లోకి వచ్చిన సెపా అనే ఆర్థిక భాగస్వామ్య ఒప్పందం కింద డిగ్రీతో పాటు ఇంగ్లిష్ బోధనకు టీచరు అర్హతపత్రం ఉన్న భారతీయులు బడుల్లో సహాయక ఇంగ్లిష్ టీచర్లుగా ఈ-2 పొందవచ్చు. హగ్వాన్ అనే ప్రైవేటు ట్యూషన్ కేంద్రాలకు ఈ వెసులుబాటు వర్తించదు. భారతీయ పాస్‌పోర్టుతో హగ్వాన్ ఉద్యోగం ఇప్పిస్తామనే ఏజెంటు మాట అక్కడే తేలిపోతుంది.

ఈ-2 మీద ఏ సంస్థ పేరు ఉందో ఆ సంస్థలోనే పని చేయాలి. సాయంత్రం వేళ ఇంటికి వెళ్లి ట్యూషన్ చెప్పడం చట్టవిరుద్ధం. రెండో చోట పార్ట్‌టైమ్ చేయాలన్నా ఇమిగ్రేషన్ అనుమతి ముందే కావాలి. కాంట్రాక్టు మధ్యలో వేరే చోటికి మారాలంటే పాత యజమాని రిలీజ్ లెటర్, అంటే మారడానికి అభ్యంతరం లేదన్న పత్రం, ఇవ్వాలి. ఆయన ఇవ్వనంటే దేశం విడిచివెళ్లి మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టడమే చాలామందికి మిగిలే దారి. జుట్టు ఇంకొకరి చేతికి ఇవ్వడమంటే ఇదే. ఓవర్‌టైమ్ డబ్బు అడగడానికి కూడా టీచర్లు వెనకాడేది ఇందువల్లే.

ఇక డబ్బు సంగతి. హగ్వాన్‌ల ప్రకటనల్లో 21 నుంచి 27 లక్షల వాన్ దాకా కనిపిస్తుంది. ఇందులో పింఛను, ఆరోగ్య బీమా, ఆదాయపు పన్ను కలిపి పదో వంతు దాకా పోతుంది. పింఛను చందా ఏళ్ల తరబడి 9 శాతంగా ఉండి యజమాని, ఉద్యోగి చెరి సగం కట్టేవారు. 2025లో మార్చిన చట్టం ప్రకారం 2026 నుంచి ఏటా అర శాతం చొప్పున 13 శాతం దాకా పెరుగుతుంది. ఆరోగ్య బీమాకు ఉద్యోగి వాటా మూడున్నర శాతం చిల్లర. 23 లక్షల జీతంలో చేతికి 20 లక్షల 70 వేలో, కాస్త అటూ ఇటుగానో వస్తుంది. ఇల్లు ఉచితం కాబట్టి కరెంటు, గ్యాస్, నీళ్లు, భవనం నిర్వహణ రుసుము పోను మిగతాదంతా సొంతం. ఏడాది పూర్తయితే కనీసం ఒక నెల సగటు జీతం సెవరెన్స్‌గా, అంటే ఉద్యోగం వదిలేటప్పుడు అందే సొమ్ముగా, ఇవ్వాలని చట్టం చెబుతోంది. అది యజమాని దయతో ఇచ్చే బోనస్ కాదు, పనిచేసి సంపాదించుకున్న జీతంలో భాగం.

అయితే ఒక పోలిక గమనించాలి. 2010లో కొరియా కనీస వేతనం గంటకు 4,110 వాన్. చట్టం వాడే నెలకు 209 గంటల లెక్కన అది సుమారు 8 లక్షల 59 వేలు. ఆ రోజుల్లో హగ్వాన్ టీచరుకు 20 నుంచి 22 లక్షలు వచ్చేవి, అంటే కనీస వేతనానికి రెండింతలకు పైగా. 2025లో కనీస వేతనం 10,030 వాన్, నెలకు 20,96,270. ఆ ఏడాది కూడా 21 లక్షలు ఇస్తామనే ప్రకటనలు కనిపిస్తూనే వచ్చాయి. డిగ్రీ, శిక్షణ, వలస కష్టం అన్నీ కలిపినా కనీస వేతనం కన్నా నాలుగు వేల వాన్ ఎక్కువ. ఉచిత ఇల్లు లేకపోతే ఆ ఉద్యోగం నిలవదు. ఆ ఇల్లేమో యజమాని చేతిలో ఉంది.

కొరియాలో తప్పు జరిగే చోట్లు దాదాపు ఎప్పుడూ అవే. ఒకటి, పే స్లిప్‌లో 3.3 శాతం మాత్రమే కోత ఉండటం. పింఛను, బీమా కోతలు లేనందువల్ల చేతికి ఎక్కువ వస్తున్నట్టు అనిపిస్తుంది. నిజానికి ఆ టీచరును ఉద్యోగిగా కాకుండా స్వతంత్ర కాంట్రాక్టరుగా నమోదు చేశారన్నమాట. అప్పుడు యజమాని తన వాటా పింఛను ఎగ్గొడతాడు, చివర్లో సెవరెన్స్ కూడా లేదంటాడు. టైమ్‌టేబుల్, తరగతి గది, పాఠ్యపుస్తకం అన్నీ సంస్థే నిర్ణయిస్తున్నప్పుడు ఈ నమోదు కార్మిక శాఖ ముందు నిలవడం కష్టమే. కానీ ఫిర్యాదు చేయాల్సింది టీచరే. రెండోది, సెవరెన్స్ తప్పించుకోవడానికి పదకొండో నెలలో తీసేయడం. మూడోది ఇల్లు. కాంట్రాక్టులో 'సింగిల్ హౌసింగ్' అని రాసి ఉంటే చాలదు. తరగతులు జరిగే భవనానికి ఎంత దూరం, ఎన్ని చదరపు మీటర్లు, ఒంటరిగానా ఇద్దరు ముగ్గురితోనా, మంచం, ఫ్రిజ్, వాషింగ్ మెషీన్ ఉన్నాయా అన్నది రాతలో ఉండాలి. ప్రస్తుతం ఆ గదిలో ఉంటున్న టీచరుతో మాట్లాడటం ఫొటోలన్నిటికన్నా నమ్మదగిన ఆధారం. యజమాని మాట్లాడనివ్వకపోతే అదీ ఒక జవాబే.

ప్రభుత్వ బడుల్లో నియమించే ఎపిక్ కార్యక్రమంలో వారానికి 22 తరగతులు. ఇల్లు వద్దనుకుంటే చాలాకాలంగా నెలకు 4 లక్షల వాన్ భత్యం ఇస్తూ వచ్చారు. పల్లెల్లో, చిన్న పట్టణాల్లో దాంతో సరిపెట్టుకోవచ్చు. సోల్‌లో సొంతంగా ఆఫీస్‌టెల్ అనే చిన్న ఫ్లాటు ఒకటి తీసుకోవాలంటే ముందు డిపాజిట్‌గా 50 లక్షల నుంచి కోటి వాన్ కావాలి. దాని మీద నెల అద్దె వేరు. డిపాజిట్ కోటి పెంచితే అద్దె 50 వేల చొప్పున తగ్గించడం అక్కడి వాడుక. ఇంత సొమ్ము పెట్టేవాళ్లు ముందు ఆస్తి రిజిస్ట్రీ తీయించి ఇంటి మీద బ్యాంకు అప్పు ఎంతుందో చూడాలి. చేరిన వెంటనే కొత్త చిరునామాను ఇమిగ్రేషన్‌లో నమోదు చేయించాలి. దానికి గడువు 15 రోజులు. ఆ తర్వాత అద్దె ఒప్పందం మీద తేదీ ముద్ర వేయించాలి. ఈ రెండూ లేకుండా ఇల్లు వేలానికి వస్తే డిపాజిట్ వెనక్కి రాబట్టుకునే వరుసలో టీచరు అట్టడుగున ఉంటారు.

జపాన్: హోదా సొంతం, ఖర్చూ సొంతం

జపాన్‌లో బడుల్లో చెప్పేవారికి 'ఇన్‌స్ట్రక్టర్' హోదా, ఎయికైవా అనే ప్రైవేటు సంభాషణ కేంద్రాల్లో చెప్పేవారికి 'మానవశాస్త్రాలు, అంతర్జాతీయ సేవల నిపుణులు' అనే హోదా ఇస్తారు. ముందు యజమాని అర్హతా ధ్రువపత్రానికి దరఖాస్తు చేస్తాడు. దానికి ఒకటి నుంచి మూడు నెలలు పడుతుంది. వచ్చాక మూడు నెలల్లోపు దేశంలో అడుగుపెట్టాలి. పాస్‌పోర్టు ఏ దేశానిదన్న నిషేధం ఇక్కడ లేదు. అయితే ఇంగ్లిష్ మాతృభాష కాని దేశాలవారిని 12 ఏళ్లు ఇంగ్లిష్ మాధ్యమంలో చదివినట్టు రుజువు అడుగుతారు. డిగ్రీ ఒక్కటే పట్టుకుని దరఖాస్తు చేసి ఇక్కడ ఆగిపోయినవాళ్లు ఉన్నారు. ఒకటో తరగతి నుంచి చదివిన బడుల మాధ్యమం రాసిన పత్రాలు ముందే తెచ్చుకోవాలి.

ఈ హోదా యజమానిది కాదు. ఉద్యోగం మానేసినా గడువు తీరేదాకా చెల్లుతుంది. కొత్త చోట చేరితే 14 రోజుల్లో ఇమిగ్రేషన్‌కు తెలియజేస్తే చాలు. ఎవరి రిలీజ్ లెటర్ అక్కర్లేదు. తగిన కారణం లేకుండా మూడు నెలలకు మించి ఆ పని చేయకుండా ఉంటే మాత్రం రద్దు చేసే అధికారం ప్రభుత్వానికి ఉంది. బడి నుంచి ఎయికైవాకు మారాలంటే హోదా మార్చుకోవాలి. ఈ తేడా తెలియక, ఒక హోదాతో ఇంకో రకం పని చేసి, పొడిగింపు సమయంలో ఇరుక్కోవడం తరచూ జరిగేదే.

ఇక్కడ బరువంతా ఇంటి దగ్గర పడుతుంది. నెలకు 60 వేల యెన్ అద్దె ఉన్న చిన్న గదిని తీసుకుంటే తాళం చేతికొచ్చేలోపు కట్టాల్సినవి ఇలా ఉంటాయి. మొదటి నెల అద్దె 60 వేలు. షికికిన్ అనే డిపాజిట్ 60 వేలు. రెయికిన్ పేరుతో ఇంటి యజమానికి తిరిగిరాని కానుక మరో 60 వేలు. ఏజెంటుకు ఒక నెల అద్దె, దాని మీద 10 శాతం పన్ను, అంటే 66 వేలు. పూచీ సంస్థకు 30 నుంచి 60 వేలు. అగ్నిప్రమాద బీమా, తాళం మార్పు కలిపి 30 నుంచి 40 వేలు. మొత్తం మూడు లక్షల యెన్ దాటింది. మొదటి నెల జీతం మొత్తం పోసినా చాలదు. పైగా నెలాఖరున లెక్క కట్టి మరుసటి నెల ఇచ్చే సంస్థల్లో ఆ మొదటి జీతం రావడానికే నెలన్నర పైన పట్టవచ్చు. మంచం, ఫ్రిజ్, ఒక్కోచోట గదిలో దీపం కూడా కొనుక్కోవాల్సిందే. టోక్యో చుట్టుపక్కల రెండేళ్లకోసారి పునరుద్ధరణ రుసుముగా ఇంకో నెల అద్దె అడుగుతారు. ఈ బాధలు చాలావరకు తప్పించేవి ప్రభుత్వ సంస్థ అద్దెకిచ్చే యూఆర్ గృహాలు. రెయికిన్, ఏజెంటు కమిషన్, పూచీదారు, పునరుద్ధరణ రుసుము వీటిలో ఉండవు. డిపాజిట్ రెండు నెలలదే. ఆదాయపు నిబంధన ఒకటి దాటాలి.

చేతికందే జీతం చూద్దాం. రెండున్నర లక్షల యెన్‌లో ఉద్యోగుల పింఛనుకు 9.15 శాతం, ఆరోగ్య బీమాకు 5 శాతం చొప్పున, ఆదాయపు పన్ను కొంత పోను సుమారు 2 లక్షల 8 వేలు వస్తాయి. అద్దె పోతే లక్షన్నరకు కాస్త తక్కువ. మొదటి ఏడాది ఇంతటితో సరి. రెండో ఏడాది జూన్ నుంచి నివాస పన్ను మొదలవుతుంది. అది కిందటి సంవత్సరపు ఆదాయం మీద సుమారు 10 శాతం. మినహాయింపులు పోను ఈ జీతానికి నెలకు 10 వేల యెన్ దగ్గర పడుతుంది. జీతం పెరగకుండానే చేతికొచ్చేది తగ్గుతుంది. దీన్ని ముందే లెక్కలో వేసుకోకపోతే, తక్కువ జీతం ఉన్న కొత్త చోటుకు మారినవారికి పాత జీతం మీద వచ్చిన పన్ను నోటీసు పెద్ద దెబ్బ.

బడులకు టీచర్లను సరఫరా చేసే డిస్పాచ్ సంస్థల ఆఫర్లను ఇంకా జాగ్రత్తగా చదవాలి. నెలకు 2 లక్షల 20 వేలు అని రాసి, బడి సెలవులున్న ఆగస్టులోనూ మార్చి, ఏప్రిల్ నెలల్లోనూ దామాషాగా కోసేవి ఉన్నాయి. పన్నెండుతో గుణించి సంతోషపడేలోపు 'ఏ నెలకు ఎంత' అన్న పట్టిక అడగాలి. వారానికి 29.5 గంటలు అని రాయడం వెనక కూడా ఒక లెక్క ఉంది. పూర్తికాల పనిలో నాలుగింట మూడు వంతులు, అంటే దాదాపు 30 గంటలు దాటితే ఉద్యోగుల పింఛనులో, ఆరోగ్య బీమాలో యజమాని సగం కట్టాలి. ఆ అరగంట తగ్గింపుతో మొత్తం భారం టీచరు మీదికి నెట్టేవారు. 2024 అక్టోబరు నుంచి 51 మంది, అంతకుమించి ఉద్యోగులున్న సంస్థల్లో వారానికి 20 గంటలు, నెలకు 88 వేల యెన్ దాటితే చాలు, చేర్చాల్సిందే. పెద్ద సంస్థ ఇంకా '29.5 గంటలు కాబట్టి బీమా లేదు' అంటే నమ్మనక్కర్లేదు.

బడుల్లో సహాయకులుగా విదేశీయులను తెచ్చేందుకు ప్రభుత్వమే నడిపే జెట్ కార్యక్రమం 1987లో మొదలైంది. మొదటి ఏడాది జీతం చాలాకాలం 33.6 లక్షల యెన్ ఉండి, 2025లో వచ్చేవారికి 40.2 లక్షలకు పెరిగింది. ఇల్లు మాత్రం నియమించిన ఊరి పాలకసంస్థ మీద ఆధారపడి ఉంటుంది. ఒకచోట నెలకు 10 వేలకే ఇల్లు దొరికితే, ఇంకోచోట పూర్తి అద్దెతో పాటు మొదటి రోజే మూడు లక్షలు కట్టాల్సిరావచ్చు. ఒకే జీతానికి రెండు వేర్వేరు జీవితాలు.

యజమాని ఇచ్చే ఇల్లు జపాన్‌లో కూడా ఎలా ఎదురుతిరుగుతుందో 2007లో అందరూ చూశారు. అప్పట్లో అతిపెద్ద ఎయికైవా గొలుసు అయిన నోవా ఆ అక్టోబరులో కుప్పకూలింది. వేలమంది విదేశీ టీచర్లకు జీతాలు ఆగాయి. వాళ్లలో చాలామంది ఉన్నది సంస్థ చూపించిన అపార్ట్‌మెంట్లలో. జీతం నుంచి అద్దె కోసుకున్నా ఇంటి యజమానులకు అది చేరకపోవడంతో ఖాళీ చేయమన్న నోటీసులు వచ్చాయి. ఉద్యోగం, ఇల్లు ఒకే వారంలో పోయాయి. అయినా నివాస హోదా సొంతం కావడం వల్ల దేశంలోనే ఉండి వేరే పని వెతుక్కునే వీలు మిగిలింది. కొరియా తరహా వీసా అయితే ఆ తాడు కూడా తెగేది.

కాగితాలకు ఒక వరుస ఉంది

దరఖాస్తుల్లో ఎక్కువ ఆలస్యం ఇంటర్వ్యూల వల్ల జరగదు, కాగితాల వరుస తప్పడం వల్ల జరుగుతుంది. డిగ్రీ నకలుకు అపోస్టిల్ ముద్ర, అంటే విదేశాల్లో చెల్లేలా ప్రభుత్వం ఇచ్చే ధ్రువీకరణ, వేయిస్తే దానికి సాధారణంగా గడువు ఉండదు. పోలీసు క్లియరెన్స్‌కు మాత్రం ఉంటుంది. కొరియా ఆరు నెలల్లోపు జారీ అయినదే అడుగుతుంది, అదీ జాతీయ స్థాయిది. అమెరికన్ల విషయంలో రాష్ట్ర పోలీసులిచ్చేది పనికిరాదు, ఎఫ్‌బీఐ తనిఖీయే కావాలి. కాబట్టి ముందు డిగ్రీ, ఆ తర్వాత బోధనా సర్టిఫికెట్, చివర్లో పోలీసు క్లియరెన్స్. అన్నీ కలిపి మూడు నాలుగు నెలలు చేతిలో ఉంచుకోవాలి. 1961 హేగ్ ఒప్పందంలో ఉన్న దేశాలకు అపోస్టిల్ చాలు. చైనాకు ఇది 2023 నవంబరు 7 నుంచి వర్తిస్తోంది, అంతకుముందు రాయబార కార్యాలయం చుట్టూ తిరగాల్సి వచ్చేది. యూఏఈకి ఇప్పటికీ రాయబార కార్యాలయపు ధ్రువీకరణ, ఆపైన అక్కడి విదేశాంగ శాఖ ముద్ర తప్పవు.

డిగ్రీ మీద పొడి అక్షరాలు, పాస్‌పోర్టు మీద పూర్తి పేరు ఉంటే ఫైలు వెనక్కి రావడానికి అదొక్కటే చాలు. ఇద్దరూ ఒకరేనని చెప్పే అఫిడవిట్‌కు కూడా అపోస్టిల్ వేయించి జతచేయడం మంచిది. అసలు డిగ్రీని గానీ పాస్‌పోర్టును గానీ 'మా దగ్గర భద్రంగా ఉంచుతాం' అనే యజమాని చేతికి ఇవ్వకూడదు. బోధనా సర్టిఫికెట్ విషయంలో ప్రకటనలు అడిగే 120 గంటలు అన్న మాట ఒకటే అయినా సరుకు ఒకటి కాదు. కేంబ్రిడ్జ్ గుర్తింపు ఉన్న సెల్టా శిక్షణలో ఆరు గంటలు నిజమైన విద్యార్థుల ముందు పాఠం చెప్పి పరిశీలకుల చేత మార్కులు వేయించుకోవాలి. వీడియోలు చూసి వారాంతంలో పూర్తిచేసేవి వీసా కాగితంగా కొన్నిచోట్ల పనికొస్తాయి. జీతం పెంచే కాగితంగా అంతగా పనికిరావు.

'పర్యాటక వీసా మీద వచ్చేయండి, ఇక్కడ మారుస్తాం' అనే మాటకు విలువ కట్టాలంటే చైనా చట్టం చూడాలి. అక్కడ ముందు పని అనుమతి నోటిఫికేషన్, దాని మీద బయటి దేశంలో జెడ్ అనే ఉద్యోగ వీసా, లోపలికి వచ్చాక పని అనుమతి కార్డు, ఆ తర్వాత 30 రోజుల్లోపు నివాస అనుమతికి దరఖాస్తు. ఈ వరుస లేకుండా పాఠం చెబితే 5 వేల నుంచి 20 వేల యువాన్ జరిమానా, తీవ్రమైన సందర్భాల్లో 5 నుంచి 15 రోజుల నిర్బంధం. వియత్నాంలో పని అనుమతి లేకుండా చేస్తే ఒకటిన్నర నుంచి రెండున్నర కోట్ల డాంగ్ జరిమానా, దేశ బహిష్కరణ. పట్టుబడినప్పుడు యజమానికి పోయేది డబ్బు. టీచరుకు పోయేది ఆ దేశమే.

చైనా, వియత్నాం, తైవాన్

చైనాలో 2021 జులై 24న వచ్చిన 'రెండు తగ్గింపుల' విధానం బడి పిల్లల ప్రైవేటు ట్యూషన్ రంగాన్ని దాదాపు తుడిచిపెట్టింది. ఇప్పుడు ఉద్యోగాలు ఎక్కువగా బడుల్లో, విశ్వవిద్యాలయాల్లో. అద్దెకు అక్కడి వాడుక 'ఒకటి డిపాజిట్, మూడు ముందు', అంటే తాళం తీసుకునే రోజు నాలుగు నెలల సొమ్ము, ఏజెంటుకు మరో అర నెల నుంచి నెల. విదేశీ ఉద్యోగుల గృహ భత్యానికి 2027 చివరిదాకా పన్ను మినహాయింపు ఉంది. కానీ ఇంటి యజమాని ఇచ్చే అధికారిక రసీదు, ఫాపియావ్, చూపాలి. చాలామంది యజమానులు రసీదు కావాలంటే అద్దె పెంచుతామంటారు. ఆ పెంపు ఎవరు భరిస్తారో కాంట్రాక్టు సమయంలోనే తేల్చుకోవాలి. మానేసేటప్పుడు విడుదల పత్రం, పని అనుమతి రద్దు పత్రం రెండూ చేతిలో లేకుండా తర్వాతి ఉద్యోగం ముందుకు కదలదు. చివరి జీతానికన్నా ముందు వీటినే అడిగేవాళ్లు తెలిసినవాళ్లు.

వియత్నాంలో గంట లెక్కన జీతం ఎక్కువ. అంకె ఆకర్షణీయంగా ఉంటుంది గానీ పాఠం తయారీకి, ప్రశ్నపత్రాలు దిద్దడానికి, రెండు కేంద్రాల మధ్య ప్రయాణానికి డబ్బు ఉండదు. టెట్ అనే కొత్త సంవత్సరపు పండుగ రోజుల్లో ఆదాయం ఆగిపోతుంది. 'కనీస హామీ గంటలు' అన్న వాక్యం లేని గంట జీతం మీద ఇంటి అద్దె ఒప్పుకోవడం సాహసమే. ఇంటి యజమాని పన్ను భయంతో తాత్కాలిక నివాసాన్ని పోలీసుల దగ్గర నమోదు చేయకపోతే నివాస కార్డు పని కూడా నిలిచిపోతుంది. సంతకానికి ముందు అడగాల్సిన మాట అది.

తైవాన్‌లో చేరే నెలే జీతాన్ని మారుస్తుంది. క్యాలెండర్ సంవత్సరంలో 183 రోజులు ఉంటేనే స్థానికుల పన్ను రేటు, అది 5 శాతం దగ్గర మొదలవుతుంది. లేకపోతే ఈ స్థాయి జీతం మీద 18 శాతం. జులై 1కి ముందు దిగినవారికి ఆ ఏడాదే 183 రోజులు నిండుతాయి, ముందు ఎక్కువగా కోసింది మరుసటి ఏడాది రిటర్న్ వేస్తే వెనక్కి వస్తుంది. ఆగస్టు చివర్లో దిగినవారికి ఆ నాలుగు నెలల కోత శాశ్వతం. పని అనుమతికి వారానికి కనీసం 14 గంటల తరగతులు చూపాలి కాబట్టి, విద్యార్థులు తగ్గి గంటలు కుదిస్తే వీసాకే ఎసరు.

దుబాయి జీతంలో 'బేసిక్' ఎంత?

పన్ను లేని జీతం అన్న మాట గల్ఫ్‌కు లాగుతుంది. నెలకు మొత్తం 12 వేల దిర్హాంలు అనే రెండు ఆఫర్లు ఉన్నాయనుకుందాం. ఒకదానిలో బేసిక్ 5 వేలు, మిగతాది ఇల్లు, రవాణా భత్యాలు. రెండోదానిలో బేసిక్ 10 వేలు. నెల నెలా తేడా ఏమీ కనిపించదు. చివర్లో ఇచ్చే గ్రాట్యుటీ మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజుల బేసిక్ మీద లెక్కిస్తారు. మొదటి టీచరుకు ఏడాదికి 3,500, రెండో టీచరుకు 7,000. మూడేళ్లకు తేడా 10,500 దిర్హాంలు. బేరమాడాల్సింది మొత్తం అంకె మీద మాత్రమే కాదు, దానిలో బేసిక్ వాటా మీద కూడా.

బడి ఇల్లు ఇవ్వకుండా భత్యం ఇస్తే, నెల నెలా వచ్చే భత్యానికీ ఏడాది లెక్కన కట్టే అద్దెకూ పొత్తు కుదరదు. అక్కడ అద్దె ఏడాదికి మాట్లాడి, ముందు తేదీలు వేసిన చెక్కుల్లో ఇస్తారు. 60 వేల దిర్హాంల ఫ్లాటుకు నాలుగు చెక్కులంటే మొదటి రోజే 15 వేలు. ఫర్నిచర్ లేని ఇంటికి 5 శాతం డిపాజిట్ 3 వేలు, ఏజెంటుకు 5 శాతం 3 వేలు, విద్యుత్తు, నీటి సంస్థకు అపార్ట్‌మెంట్ డిపాజిట్ 2 వేలు. ఎజారీ అనే అద్దె ఒప్పందపు ప్రభుత్వ నమోదు వేరు. మొత్తం 23 వేలు దాటుతుంది, అంటే రెండు నెలల జీతం. చెక్కుబుక్ రావాలంటే బ్యాంకు ఖాతా, ఖాతా రావాలంటే నివాస కార్డు కావాలి. ఈ మధ్యకాలానికి తాత్కాలిక వసతి ఎవరిదో, భత్యాన్ని ఏడాదికో ఆరు నెలలకో ఒకేసారి ముందుగా ఇస్తారో లేదో రాతలో తీసుకోవాలి. వీసా, నియామక ఖర్చులు ఉద్యోగి నుంచి వసూలు చేయడాన్ని యూఏఈ కార్మిక చట్టం నిషేధించింది. 'వీసా ఛార్జీలు మొదటి రెండు జీతాల్లో కోసుకుంటాం' అన్న వాక్యం కనిపిస్తే ఆ కాంట్రాక్టును అక్కడితో మూసేయవచ్చు.

మిగతా దేశాల్లోనూ ఈ లెక్క మారదు. స్పెయిన్ ప్రభుత్వ బడుల్లో భాషా సహాయకులకు ఎక్కువ ప్రాంతాల్లో వారానికి 14 గంటలకు నెలకు 800 యూరోలు, మాడ్రిడ్‌లో 16 గంటలకు 1,000 ఇస్తూ వచ్చారు. ఆ నగరంలో గదికే 500 పోతుంది, మొదటి చెల్లింపు ఆలస్యం కావడం మామూలు. అది బతుకుతెరువు కాదు, సొంత పొదుపుతో గడిపే ఒక సంవత్సరం. అలా తెలిసి వెళ్తే మంచి సంవత్సరమే.

ఇంటికి డబ్బు పంపాల్సినవాళ్లు, చదువు అప్పు తీర్చాల్సినవాళ్లు మారకపు రేటును కూడా జీతంలో భాగంగానే చూడాలి. 2011 చివర్లో డాలరుకు 78 యెన్ ఉన్నప్పుడు రెండున్నర లక్షల యెన్ అంటే సుమారు 3,200 డాలర్లు. 2024 జులైలో డాలరు 160 యెన్ తాకినప్పుడు అదే జీతం 1,560 డాలర్లు. యెన్‌లోనే సంపాదించి యెన్‌లోనే ఖర్చుపెట్టేవారికి ఈ దెబ్బ మెల్లగా తగిలింది. డాలర్లలో అప్పు ఉన్నవారికి జీతం సగమైంది.

చివరి రోజు

మధ్యలో మానేస్తే ఇంత జరిమానా అని అంకె ముందే రాసిపెట్టే కాంట్రాక్టులు ప్రతిచోటా కనిపిస్తాయి. జపాన్ కార్మిక ప్రమాణాల చట్టం 16వ సెక్షను, కొరియా చట్టం 20వ సెక్షను అలాంటి ముందస్తు జరిమానాలను నిషేధిస్తాయి. సంతకం పెట్టినంత మాత్రాన అవి చెల్లుబాటు కావు. జపాన్‌లో సంస్థ దివాలా తీస్తే, ఆగిపోయిన జీతంలో ఒక పరిమితి లోపల 80 శాతం దాకా ప్రభుత్వ పథకం చెల్లిస్తుంది. దానికి పే స్లిప్పులు, హాజరు రికార్డు కావాలి. అందుకే ప్రతి నెలా పే స్లిప్‌ను, తరగతుల పట్టికను సంస్థ సర్వర్‌లో కాకుండా సొంత దగ్గర దాచుకోవాలి. జపాన్ విడిచాక రెండేళ్లలోపు పింఛను చందా ఒకేసారి వెనక్కి అడగవచ్చు, కట్టింది కనీసం ఆరు నెలలైతే. ఉద్యోగుల పింఛను సొమ్ములో 20.42 శాతం పన్ను ముందే పట్టుకుంటారు. కొరియాలో ఆ వెనక్కి ఇచ్చే వరం పాస్‌పోర్టును బట్టి ఉంటుంది. అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా పౌరులకు వస్తుంది, బ్రిటన్, న్యూజీలండ్ పౌరులకు రాదు. ఒకే గదిలో పక్కపక్కన పాఠం చెప్పిన ఇద్దరికి ఏడాది చివర్లో చేతికి అందే సొమ్ము ఒకటి కాకపోవడానికి ఇదొక కారణం.

కొరియాలో చివరి జీతం, సెవరెన్స్ మానేసిన 14 రోజుల్లోపు ఇవ్వాలి. ఇవ్వకపోతే మూడేళ్లలోపు కార్మిక శాఖ కార్యాలయంలో ఫిర్యాదు చేయవచ్చు. కానీ యజమాని ఇచ్చిన ఇల్లు కాంట్రాక్టు ముగిసిన వెంటనే ఖాళీ చేయాలి, వీసా గడువు కూడా ఆ చుట్టుపక్కలే తీరుతుంది. టికెట్టు మరుసటి రోజుకే కొనుక్కున్న టీచరు డబ్బు పడిందో లేదో చూసుకోవడానికి ఆ దేశంలో ఉండరు. అందుకని తిరుగు ప్రయాణం కనీసం మూడు వారాల తర్వాతికి పెట్టుకోవాలి. ఆ మధ్యకాలానికి ఉద్యోగాన్వేషణకు ఇచ్చే డి-10 హోదాకు ముందే దరఖాస్తు చేయాలి, ఉండటానికి వేరే గది చూసుకోవాలి, కొరియా బ్యాంకు ఖాతాను డబ్బు జమయ్యేదాకా మూయకూడదు.